మూడో సిలిండర్ చెప్పిన అబద్ధం

ఆంజనేయన్‌కు ఇంజిన్లతో మాట్లాడే అలవాటుంది. అదీ తెలుగులో! ధర్మపురిలో సేలం రోడ్డు మీద అతని షెడ్డు. వచ్చేవాళ్లందరితోనూ అరవమే. ఇంట్లో అమ్మతో మాట్లాడే తెలుగు మాత్రం ఇంజిన్లకు దక్కేది. ఎవరికీ అర్థం కాదు కదా, మనసులో ఉన్నదంతా కక్కేయొచ్చు. ఆ ధీమాయే ఒకరోజు అతని కొంప ముంచింది.

సన్నగా తుంపర పడుతోంది. పాత అంబాసిడర్ ఒకటి వణుక్కుంటూ వచ్చి షెడ్డు ముందు ఆగింది. ఆంజనేయన్ గుండె కూడా ఒక క్షణం ఆగింది. ప్రతి సంతరోజూ రోడ్డు మీద పోతుంటే అతను కళ్లప్పగించి చూసే కారు అది. చూసేది కారును కాదు, దాన్ని తోలే అమ్మాయిని. ఎనభై నాలుగులో ఆడపిల్ల కారు తోలుతుంటే సైకిలు తొక్కేవాడు కూడా దిగి చూసేవాడు మరి.

"మెకానిక్, వండి మిస్ అడిక్కుదు," అందామె అరవంలో. బండి మిస్ కొడుతోందట, ఇంజిన్ మధ్యమధ్య తడబడుతోందట.

పేరు సరసు. కారిమంగళం దగ్గర పల్లె. తండ్రి సీనప్ప కలెక్టరాఫీసులో పని చూసుకుని వస్తున్నాడు. ఇంజిన్ విప్పాల్సి వస్తే కారు అమ్మేస్తానని ఆయన ఖచ్చితంగా చెప్పేశాడు.

"పోతే పోయింది, బస్సులున్నాయిగా?" అన్నాడు ఆంజనేయన్ అరవంలోనే, తన కంగారు దాచుకోవడానికి.

"స్పానర్ లాక్కుని, నట్లు చేత్తో విప్పుకో అంటే మీకెలా ఉంటుంది? తోలడం నేర్చుకుంది ఇందులోనే. ఇది పోతే నాకు ఇంకో బండి ఎవరిస్తారు?"

అతను కంప్రెషన్ చూద్దామన్నాడు. నాలుగు సిలిండర్లూ గాలిని ఒకేలా నొక్కుతున్నాయో లేదో గేజి పెట్టి చూడడం. ప్లగ్గులన్నీ విప్పి, ఆమెను సీట్లో కూర్చోబెట్టాడు. ఆక్సిలేటర్ ఆఖరుదాకా తొక్కిపట్టి సెల్ఫ్ కొట్టాలి, కాలు ఎత్తితే గాలి అందక గేజి తప్పు చూపిస్తుంది అని హెచ్చరించాడు కూడా.

మొదటిది నూట ముప్పై. రెండోదీ అంతే. మూడోదానికి గేజి పెడుతూ, బానెట్ చాటున ఉన్నానుగదా అని ఇంజిన్‌తో మొదలుపెట్టాడు.

"నీ యజమానమ్మ నోరు చూస్తివా? కత్తి! కండ్లు మాత్రం... అబ్బ! ఆ కండ్లు చూస్తే నాకే మిస్ కొడతా ఉండాది."

ముల్లు తొంభై దగ్గరే చతికిలబడింది.

నాలుగోది మళ్లీ బాగుంది. పిస్టన్ రింగులు అరిగాయేమో అని మూడోదాంట్లో చెంచాడు ఆయిల్ పోశాడు. రింగుల తప్పయితే ఇప్పుడు ముల్లు లేవాలి.

"లెయ్యి తల్లీ! నిన్ను అమ్మేస్తే ఆ పిల్ల ఈ రోడ్డున రాదు. నేను సంతరోజు ఎవర్ని చూసేది?"

లేవలేదు. ఇంకాస్త దిగింది. అయితే వాల్వు కాలినట్టే, హెడ్ దించి ఇంజిన్ విప్పక తప్పదు. ఆ మాటే ఆమెకు చెప్పాడు.

సరసు మొహం ఎర్రబడింది. "ఇంకొక్కసారి చూడండి. ఈసారి నోరు మూసుకుని చూడండి."

నా నోటికీ ఇంజిన్‌కూ ఏం సంబంధమని అడగబోయేలోగా గొడుగు ముడుస్తూ సీనప్ప రానే వచ్చాడు.

"ఏమంటాడే వీడు? ఇంజిన్ విప్పాలంటాడా?"

"అవును నాయనా, మూడోదాంట్లో గాలి తక్కువంట," అంది సరసు, చక్కటి తెలుగులో.

ఆంజనేయన్ చేతిలోని స్పానర్ జారి కాలి మీద పడింది. నొప్పి కూడా తెలియలేదు. తాను వాగిన ప్రతి మాటా వరసగా గుర్తొచ్చింది.

"నా ఎదురుగా ఒకసారి చూపించమను," అన్నాడు సీనప్ప.

సరసు మళ్లీ సెల్ఫ్ కొట్టింది, ఈసారి ఆంజనేయన్ పెదవి కదపలేదు. మూడోదానికీ ముల్లు చక్కగా నూట ముప్పైకి లేచింది!

"ఏమప్పా, తక్కువంటివే! పని లాగేదానికి నాటకమా?"

గేజి పట్టేసిందని ఆంజనేయన్ బొంకేయొచ్చు. కానీ గేజి మంచిది కాదంటే ఈ నూట ముప్పైని నమ్మేదెవరు? కారు పోయినట్టే.

"మూడోదానికి రెండు తూర్లూ నేనే కాలు ఎత్తేసినాను నాయనా," అంది సరసు.

"రెండు తూర్లూనా? ఎందుకే?"

ఆంజనేయన్ బానెట్ చాటునుంచి బయటికొచ్చాడు.

"నా వల్లే అయ్యా. ఆయమ్మ కండ్లు బాగుండాయని ఇంజిన్‌తో చెప్పినాను. తెలుగు తెలీదనుకొంటిని. ఆయమ్మంటే నాకు ఇష్టం. నన్ను కొట్టినా సరే, కారు మాత్రం అమ్మొద్దండి. ఇంజిన్ రాయి మాదిరి ఉండాది. ఇదో, మూడో ప్లగ్ వైరు చిట్లింది, మిస్ కొట్టేది దీనివల్లే."

సీనప్ప కూతురి వైపు తిరిగాడు. "నువ్వేమంటావే?"

"నేనేమనేది? ఈ షెడ్డు దగ్గరికొస్తే నా కాలు ఎప్పుడు ఆక్సిలేటర్ మీద నిలిచింది గనక? సంతరోజు ఇక్కడ ఎంత స్లోగా పోతానో ఈయనకే తెలీలేదు."

తుంపర కాస్తా వానయింది. సీనప్ప బెంచీ మీద కూలబడ్డాడు.

"ఇంటిపేరేమప్పా మీది?"

ఆంజనేయన్ చెప్పాడు.

"మీ అమ్మను మా ఇంటికి పిల్చుకొని రా. ఒక మాట మాత్రం ముందే చెప్తా ఉండాను. పెండ్లయినాక కూడా ఈ బండి నా కూతురే తోలాల. సమ్మతమేనా?"

"నేను పక్క సీట్లో కూచుంటాను మామా!"