పన్నెండో పొట్లం

పొద్దున్నే పాలు పొంగకుండా చూసే పని తాతగారిది. భార్య పోయాక వంటింట్లో ఆయనకు దక్కిన ఒకే ఒక్క ఉద్యోగం అది. స్టవ్ దగ్గర నిలబడితే భోజనాల బల్ల మొత్తం కనిపిస్తుంది. ఆ శనివారం బల్ల మీద మనవరాలు శంకువుల లెక్కలు చేసిన కాగితాలు, వాటి పక్కన కోడలి ఎర్ర పెన్సిలు ఉన్నాయి.

కోడలు అచ్చాఫీసులో ప్రూఫులు దిద్దుతుంది. ఇంటికొచ్చినా ఆ పెన్సిలుకు విశ్రాంతి లేదు. లెక్కల పరీక్ష దగ్గరపడినప్పటి నుంచి, కూతురి జవాబులను పాఠ్యపుస్తకం చివరి పేజీతో పోల్చి, కలిస్తే టిక్కు, కలవకపోతే ఇంటూ పెట్టి ఆఫీసుకు వెళ్తోంది. తనకు లెక్కలు అంతంతమాత్రమే కనుక మధ్యలో ఏం రాసిందన్న దాని జోలికి పోదు.

ఆ రోజు వరసగా ఇంటూలే పడ్డాయి.

“నేను సులువు పేపరే రాస్తానమ్మా,” అంది మనవరాలు.

పరీక్షకు రెండు రకాల పేపర్లు. పెద్ద పేపరు రాసినవాళ్లకే పైక్లాసులో లెక్కలు తీసుకునే వీలుంటుంది. ఏది రాసేదీ ఆ మధ్యాహ్నంలోగా స్కూల్లో చెప్పాలి. పెద్ద పేపరే రాస్తానని ఏడాదిగా ఊదరగొట్టిన పిల్ల ఇప్పుడు తలెత్తకుండా మాట్లాడుతోంది.

“కష్టపడ్డం మానేసి తప్పించుకునే దారి చూసుకుంటున్నావు. చేసిన తప్పే మళ్లీ చేస్తే ఎవరేం చెయ్యగలరు?” అంది కోడలు.

“నాకు బుర్ర లేదని రాసెయ్. పెన్సిలు చేతిలోనే ఉందిగా.”

కోడలు బ్యాగు సర్దుకోవడానికి లోపలికి వెళ్లింది. తాతగారు పాలకింద మంట తగ్గించి బల్ల దగ్గరికి వచ్చారు. ఆయన్ని బాధపెట్టింది ఆ పోట్లాట కాదు. చిన్నప్పుడు ప్రతిదానికీ ఎందుకు, ఎందుకు అని ప్రాణం తీస్తుంటే నానమ్మ ఈ పిల్లకు ఎందుకమ్మ అని పేరు పెట్టింది. ఈమధ్య ఎందుకమ్మ నోట ఆ మాటే వినపడ్డం లేదు.

తనకు చరిత్ర పాఠాలు చెప్పుకోవడమే తప్ప లెక్కలు రావనీ, అసలు ఈ శంకువు సంగతేమిటో కాస్త చెప్పమనీ అడిగారు. పొట్లం లాంటిదే తాతా అని, అంతే మూతి, అంతే ఎత్తు ఉన్న డబ్బాలో పట్టేదాంట్లో పొట్లంలో మూడో వంతే పడుతుందని ఆ పిల్ల విసుగ్గానే చెప్పింది. ఆయన కళ్లజోడు సవరించుకుని ఇంటూలు పడిన కాగితాలన్నీ తిరగేశారు.

“మరి వీటిల్లో ఆ మూడో వంతు ఎక్కడా లేదేమే?”

ఎందుకమ్మ కాసేపు నసిగి అసలు విషయం చెప్పింది. పొట్లం ఆకారంలో కప్పు. అంతే ఎత్తూ, రెండింతలు వెడల్పూ ఉన్న డబ్బా. ఎన్ని కప్పులు పోస్తే నిండుతుందన్నది లెక్క. ఎన్నిసార్లు చేసినా పన్నెండే వచ్చింది. పుస్తకం చివర నాలుగు అని ఉంది. మూడో వంతు వదిలేస్తే సరిగ్గా నాలుగొస్తోంది.

“కప్పు పైన తెరిచి ఉంటుంది కదా తాతా, దానికి మూడో వంతు వర్తించదేమో అనుకున్నా. అప్పట్నుంచీ అన్నిట్లోనూ వదిలేస్తున్నా. అయినా తప్పులే వస్తున్నాయి.”

“పోసి చూస్తే పోలా?” అని తాతగారు లేచి పంచదార డబ్బా ఖాళీ చేశారు.

పాత క్యాలెండరు కాగితంతో చుట్టిన మొదటి పొట్లం బొద్దుగా వచ్చింది. రెండోది డబ్బా అంత ఎత్తు, అందులో సగం వెడల్పు ఉండేలా స్కేలు పెట్టి కొలిచి కత్తిరిస్తే కుదిరింది. చెప్పులేసుకుని బయల్దేరిన కోడలు, ఆఫీసుకు టైమవుతుంటే ఈ ఆటలేమిటని గుమ్మం దగ్గరే ఆగింది.

“తర్వాతి బస్సుకి వెళ్దువుగానిలేమ్మా. చివరి పేజీ చూసేది నువ్వేగా,” అన్నారు తాతగారు.

నాలుగు పొట్లాల బియ్యం పోశారు. డబ్బా అడుగున మూడో వంతు దగ్గరే ఆగింది.

“ఐదు,” అంది కోడలు, ఒక కాలి చెప్పు వదిలి లోపలికి వస్తూ. ఆ తర్వాత లెక్కపెట్టింది ఆవిడే. పన్నెండో పొట్లానికి బియ్యం అంచు దాకా వచ్చి, నాలుగు గింజలు బల్ల మీదికి జారాయి.

కోడలు పుస్తకం చివరి పేజీ తీసి చాలాసేపు చూసింది.

“రోజంతా అచ్చులో తప్పులే వెతుకుతాను. ఇంటికొచ్చి నీలో వెతికాను,” అంది. పుస్తకంలోని నాలుగు మీద గీత కొట్టి, పక్కన పన్నెండు అని వేసింది. తర్వాత రబ్బరు తీసుకుని కాగితాల మీది ఇంటూలు చెరపబోతే కూతురు చెయ్యి పట్టుకుంది.

“ఉండనీ అమ్మా, అవి నిజంగా తప్పులే. మూడో వంతు పెట్టి మళ్లీ చేస్తా.” కళ్లు తుడుచుకుంటూనే నవ్వింది. “స్కూల్లో పెద్ద పేపరనే చెప్తాను.”

బయట బస్సు వెళ్లిన చప్పుడైంది. కోడలు రెండో చెప్పు కూడా వదిలి కుర్చీలో కూర్చుంది. ఖాళీ పొట్లాన్ని వేళ్ల మధ్య అటూ ఇటూ తిప్పింది.

“అవునే, సరిగ్గా మూడో వంతే ఎందుకు? సగం ఎందుకు కాకూడదు?”

ఎందుకమ్మ తల్లి ముఖంలోకి వింతగా చూసి, కుర్చీ దగ్గరికి జరుపుకుంది. “అది మా పుస్తకంలో కూడా లేదమ్మా. ఆగు, చూద్దాం,” అని కొత్త కాగితం తీసింది.

వెనక స్టవ్ మీద పాలు పొంగిపోయాయి. తాతగారు చప్పుడు కాకుండా లేచి మంట ఆర్పి, ఆ ఇద్దరి వంకే చూస్తూ గట్టు తుడవసాగారు.