వాగుకు అడ్డంగా

"ఇంకొక్క రాయి! జాగ్రత్త, కాలి మీద పడేసుకునేవు!" అని అరిచింది మిరియం.

ఆమె అసలు పేరు వేరే ఉంది. మనిషి పిడికెడే గానీ మాట మహా ఘాటు. అందుకే ఊరంతా అలా పిలుస్తారు. క్లాసులో కునుకు తీసే ఆమె స్నేహితుడికి నిద్రమొహం అని పేరు. వాడు ఆయాసపడుతూ రాయి తెచ్చి వాగులో పెట్టాడు. సందుల్లో మిరియం గడ్డి, బురద కూరింది. నాన్న సైకిల్ షాపులోంచి తెచ్చిన పాత ప్లాస్టిక్ పట్టా పైన కప్పింది.

వాగు ఆగిపోయింది. నీళ్లు మెల్లగా నడుము దాకా పెరిగాయి.

"అక్కా, స్విమ్మింగ్ పూల్!" అంటూ తమ్ముడు గంతులేశాడు.

ఇక ఆ ఆదివారం వాళ్లదే. నీళ్లు చల్లుకున్నారు, మునిగారు, జారిపడ్డారు, లేచారు. నిద్రమొహానికి నిద్రే గుర్తు రాలేదు.

ఎండ కాస్త తగ్గాక, అమ్మా పోస్ట్‌మాన్ బాబాయీ గట్టు వెంట పైకి వస్తూ కనిపించారు. ఇద్దరికీ మోకాళ్ల దాకా బురద.

"బాబాయ్, చూశావా? నేనే కట్టించా!"

బాబాయి ఆ రాళ్ల వైపు చూశాడు. వాటికి అవతల ఆరిపోతున్న ఇసుక వైపు చూశాడు.

"బాగానే కట్టావమ్మా. చుక్క కూడా పోవడం లేదు" అన్నాడు. ఎందుకో నవ్వలేదు.

అమ్మ రొప్పుతూ చెప్పింది. "వంతెన కింద మడుగు ఎండిపోతోందే. చేపపిల్లలు బురదలో కొట్టుకుంటున్నాయి. నీళ్లు ఏమైపోయాయా అని వెతుక్కుంటూ వచ్చాం."

పోయిన ఏడాది దాకా ఆ మడుగు నిండా సీసాలు, కవర్లు, తెగిన చెప్పులే. ఎవరో వచ్చి బాగుచేస్తారని ఎదురుచూసి చూసి, విసుగొచ్చి ఊరివాళ్లే దిగారు. అమ్మ కూడా కుట్టుమిషన్ పక్కన పెట్టి చెత్త మోసింది. తర్వాత చేపపిల్లల్ని తెచ్చి వదిలారు. అప్పటి నుంచీ వారానికో ఇంటివాళ్లు వంతులవారీగా కాపలా కాస్తున్నారు.

"ఇక్కడ నీళ్లు నిండుగా ఉన్నాయి కదా అనుకున్నానమ్మా... అక్కడ తగ్గిపోతాయని అనుకోలేదు" అంటూ మిరియం పట్టా లాగబోయింది.

"ఆగాగు! ఒక్కసారిగా వదిలితే ఆ విసురుకి చేపపిల్లలు కొట్టుకుపోతాయి. ఒక్కో రాయీ తియ్యి" అన్నాడు బాబాయి.

మిరియం ఒక్కో రాయీ తీసింది. అరచేతులు గీరుకుపోయాయి. అమ్మా, బాబాయీ, పిల్లలిద్దరూ తలో చెయ్యి వేశారు. వాగు మళ్లీ కదిలింది. మిరియం గట్టు వెంట కిందికి ఒకటే పరుగు.

మడుగు దగ్గర జనం గుమిగూడారు. జల్లెళ్లతో, గిన్నెలతో చేపపిల్లల్ని తీసి బకెట్ల నీళ్లలో వేస్తున్నారు. కొన్ని మాత్రం తెల్లటి పొట్టలు పైకి తేలేసి, కదలకుండా పడున్నాయి.

కిరాణా కొట్టు తాతయ్య బురదలో నిలబడి కేకలేస్తున్నాడు. "ఎవరి పనో తెలియనీ, చెవి మెలిపెట్టకపోతే చూడు!"

ఆయనంటే పిల్లలందరికీ హడలు. మిరియం కాళ్లు వెనక్కి లాగాయి. అయినా ముందుకే నడిచింది.

"నేనే తాతయ్యా. ఆడుకోవడానికి అడ్డుకట్ట వేశాను. తీసేశాం. నీళ్లొస్తున్నాయి."

తాతయ్య ఆమె చెవి వైపు చూశాడు. గీరుకుపోయిన చేతుల వైపు చూశాడు.

"మరి నిలబడి చూస్తావేం? ఆ గిన్నె అందుకో!"

మిరియం బురదలోకి దిగింది. వేళ్ల మధ్య గిలగిల్లాడే చేపపిల్లల్ని ఒక్కొక్కటిగా బకెట్‌లో వేసింది. కాసేపటికి వంతెన కిందికి సన్నటి నీటిపాయ వచ్చింది. మడుగు నిండాక అందరూ బకెట్లు వంచారు. చేపపిల్లలు చటుక్కున లోపలికి మాయమయ్యాయి. కొట్టు తాతయ్య మొహంలో కూడా నవ్వు కనిపించింది.

తర్వాతి ఆదివారం పిల్లలు మళ్లీ వాగుకెళ్లారు. మిరియం ఒక ఒడ్డు పక్కన మాత్రం అర్ధచంద్రాకారంలో రాళ్లు పేర్చింది. వాగులో సగానికి పైగా అలాగే వదిలేసింది. పట్టా తేలేదు. లోపల నీళ్లు మోకాళ్ల దాకే వచ్చాయి.

"ఇంతేనా అక్కా?" తమ్ముడు మూతి ముడిచాడు.

"ఇంతే. కూర్చుంటే మెడ దాకా వస్తాయిలే. ఉండు, ఇప్పుడే వస్తా."

ఆమె వంతెన దాకా పరుగెత్తి, మడుగులోకి తొంగిచూసింది. నీళ్లు నిండుగా ఉన్నాయి. మళ్లీ అంతే వేగంగా పైకి వచ్చి, తమ్ముడి పక్కన నీళ్లలో దభీమని కూర్చుంది.