మామిడి చెట్ల నడుమ ఎడం

"జయరావూ, మద్రాసులో ఈ సాయంత్రం సైనికుల ఓడ కదులుతాది. దాని రూటును శత్రువుల సబ్‌మెరైన్‌కి ఈ జిల్లా నుంచే ఎవరో వైర్‌లెస్‌లో పంపబోతున్నారు. యాడనుంచో పట్టుకో. ఆ ముఠా లోపల మన ఏజెంట్ ఒకరుండారు, కబురు మాత్రం లేదు. కోడ్ మాట బేనీషా. జవాబు మల్గోవా."

చిత్తూరులో చీఫ్ సుందరరాజు చెప్పిన ఈ మాటలు పొద్దుటి నుంచి జయరావును కుదురుగా నిలవనీయడం లేదు. ఆ ఓడలో అతని తమ్ముడు చిన్నబ్బ ఉన్నాడు మరి!

పూతలపట్టు కూడలిలో, చెయ్యి విరిగిన రైతు వేషం. పుత్తూరు కట్టులో వెదురు బద్దల మధ్య బుల్లి రిసీవర్, తలపాగాలో ఇయర్‌ఫోన్. కాఫీ మీద కాఫీ తాగాడు, ఒక్కదాని రుచీ తెలియలేదు.

మధ్యాహ్నం దాటాక చెవిలో టిక్... టిక్... టెస్ట్ సిగ్నల్!

ఇదేం విడ్డూరం? శత్రువులు ఏరియల్స్‌ను వరుసగా కడతారు. అవన్నీ కలిసి ఒకే కిరణంగా సముద్రం వైపు గురిపెడతాయి, పక్కవాళ్లకు ఏమీ వినపడదు. వాళ్లది పది మీటర్ల తరంగం, ఏరియల్‌కీ ఏరియల్‌కీ మధ్య ఐదు మీటర్లు చాలు. ఆ ఎడం పది దాటిందంటే పక్కకు ఇంకో కిరణం మొలుస్తుంది. ఇక్కడ తగులుతున్నది అదే. అంత ఎడంగా ఎందుకు కట్టారు? అంతంత దూరంలో ముందే నిలబడి ఉన్నవేవి?

మామిడి చెట్లు!

కట్టు చేతిని అటూ ఇటూ తిప్పాడు. బంగారుపాళ్యం వైపు శబ్దం పెరిగింది. పోతున్న లారీని ఆపి ఎక్కి, టిక్ టిక్ అన్నిటికన్నా గట్టిగా వినబడ్డ మామిడి తోట దగ్గర దిగాడు.

తోట గేటు దగ్గర పట్టుచీర, నల్లకళ్లద్దాలు, పిస్తోలు. ముఠా నాయకుడు పరంధామయ్యకు కుడిభుజమని పేరుపడ్డ జ్ఞానాంబ!

"ఎవురప్పా నువ్వు?"

"బేనీషా ఉండాదా అమ్మా?"

ఆమె పిస్తోలు దించింది. "ఈ ఏడు మల్గోవానే. ఎంతసేపబ్బా! నన్ను తోట దాటనీలేదు. గుంజలు నాటితే ఊరంతా సూస్తాది, చెట్లకే కట్టండని వాళ్లను నమ్మించినా. పక్కకు కారితే మీకు వినబడతాదని. పరుగెత్తు, ఆయప్ప మోర్సు కీ ముందర కూర్చున్నాడు!"

పాకలో పరంధామయ్య వేలు కీ మీద ఆనబోతోంది. జయరావు ఒక్క దూకు దూకి వైరు పీకేశాడు. పరంధామయ్య స్టూలెత్తి అతని కట్టు చేతి మీద కొట్టాడు. రెండో దెబ్బకు ముందే జ్ఞానాంబ పిస్తోలు ఆయన మెడకు తగిలింది.

ఓడ రూటు కాగితం మీదే మిగిలిపోయింది. చిన్నబ్బ బతికాడు! జయరావుకు కళ్లు చెమర్చాయి. ఆ తర్వాత గాని నొప్పి తెలియలేదు.

"అమ్మా... చెయ్యి నిజంగానే విరిగినట్టుండాది."

జ్ఞానాంబ కళ్లద్దాలు తీసి చూసి నవ్వింది. "పద, పుత్తూరు పోదాం. కట్టు ఎట్లాగూ నీకాడనే ఉండాది."