కింది గదిలో కాలు పట్టినవాడు

1996 చలికాలం. మినెసోటాలో సాయంత్రం ఐదుకే కన్ను పొడుచుకున్నా కనబడనంత చీకటి పడే రోజులు.

ఆ యూనివర్సిటీ నేలమాళిగలో పెద్ద అయస్కాంతం ఉన్న గదికి మంచి పేరు లేదు. దాన్ని ఏళ్ల తరబడి కాచిన ఆర్విల్, పోయాక కూడా అక్కడే తిరుగుతున్నాడని చెప్పుకునేవారు. చీకటి పడ్డాక ఒంటరిగా వెళ్తే — ఎవరో నిట్టూరుస్తారట... జేబులో తాళాలు లాగుతారట.

"దెయ్యానికి మా ఇంటి తాళాలెందుకు? వచ్చి అంట్లు తోముతుందా?" అని నవ్వేసేది కిర్‌స్టెన్. అక్కడ పరిశోధన చేసే పిల్ల.

ఆ సాయంత్రం ఆమె చేతిలో పెన్సిలంత సన్నని గాజు గొట్టం. అందులో మూడు రకాల ప్రొటీన్లు. మన ఒంటి కణాల్లో ఇవి ఒకదాని చెవి ఒకటి కొరుకుతూ కబుర్లు మోస్తుంటాయి. గొట్టాన్ని అయస్కాంతంలోకి దించితే ఆ గుసగుసలు యంత్రానికి అందుతాయి. వాటిని జంటలుగా విడదీసి విన్నవాళ్లున్నారు. మూడూ గుంపుగా ఉన్నప్పుడు ఏది దేనితో మాట్లాడుతుందో వినాలని కిర్‌స్టెన్ పంతం. ఏడాది చాకిరీకి మిగిలింది ఆ ఒక్క గొట్టమే.

గడప దగ్గర తాళాలు, గడియారం, చిల్లర, చివరికి నడుం బెల్టు కూడా తీసి పళ్లెంలో పెట్టింది. అక్కడ ఎవరైనా చేసేదే.

లోపల మసక వెలుతురు. హుస్స్‌స్... పీపాలాంటి అయస్కాంతం మీంచి తెల్లటి పొగ.

"అయస్కాంతాన్ని చల్లబరిచే నైట్రోజన్ ఆవిరి... అంతే," అని తనకు తనే చెప్పుకుంది. గొంతు మాత్రం ఆ మాట నమ్మలేదు.

గొట్టాన్ని పైనుంచి దించడానికి చెక్క మెట్టు ఎక్కబోయింది —

కుడికాలు జరిగింది. తను జరపలేదు.

వెనక్కి లాక్కుంది. రాలేదు... ఎవరో కాలివేళ్లు ఒడిసిపట్టి పీపా కిందికి ఈడుస్తున్నారు.

"ఆర్విల్... నీకో దణ్ణం... వదులు..."

పట్టు బిగిసింది. రెండో కాలు కూడా —

ఆమె కేకకు పై అంతస్తు నుంచి డ్వేన్ పరుగెత్తుకొచ్చాడు. ఆర్విల్ తర్వాత ఆ గది చూసుకుంటున్న పెద్దాయన.

"డ్వేన్ గారూ, ఆర్విల్ నా కాళ్లు పట్టుకున్నాడు..."

"బతికున్నన్నాళ్లూ కాలేజీ డీన్ గారి కాళ్లే పట్టుకోనివాడు, చచ్చి నీ కాళ్లు పట్టుకుంటాడా?" అంటూ వంగి చూశాడు. "అమ్మాయ్... ఈ బూట్లెవరివి?"

"మా ఆయనవి. నావి మంచులో తడిస్తేనూ..."

"మీ ఆయనేం పని చేస్తాడు?"

"ఇళ్లు కడతాడు."

"ఇటుకలు పడ్డా వేళ్లు చితక్కుండా ఇలాంటి బూట్ల ముక్కులో ఇనుప రేకు పెడతారు తల్లీ! జేబులన్నీ దులుపుకుని, కాళ్లకు ఇనుము తొడుక్కొచ్చావా?"

లేసులు విప్పి ఆమెను ఇవతలికి లాగాడు. బూట్లు మాత్రం పీపాను కరుచుకుని ఉండిపోయాయి. ఉత్త మేజోళ్లతో నిలబడి కిర్‌స్టెన్ పకపకా నవ్వింది... నవ్వుతూనే చేతివంక చూసుకుంది.

చెయ్యి ఖాళీ.

గొట్టం మెట్టు పక్కన ముక్కలై ఉంది. ఆ మూడు ప్రొటీన్లనూ మళ్లీ తయారు చేసుకోవడానికి ఆమెకు ఇంకో ఏడాది పట్టింది.