ఉలవల రోడ్డు మీద ఎర్ర మిడ్జెట్

నరసింగరావుని స్టీరింగ్ చేతిలో ఉండగానే కాల్చేశారు.

విజయనగరం ఊరి బయట రైలు గేటు, పట్టపగలు. గూడ్సు బండి పోతున్న మోతలో తుపాకీ చప్పుడు ఎవరి చెవినా పడలేదు. గేటు లేచినా ముందున్న ఎర్ర ఎమ్.జి. మిడ్జెట్ కారు కదలకపోయేసరికి, వెనక బస్సు డ్రైవరు హారన్ కొట్టికొట్టి విసిగి, తిట్టడానికే దిగి వచ్చాడు. తిట్టలేదు. ఇంజను తిరుగుతూనే ఉంది. మనిషి మాత్రం చక్రం మీదికి ఒరిగిపోయి ఉన్నాడు. పక్కసీటు ఖాళీ.

ఆ ఖాళీ సీటే జగన్నాధానికి ఒళ్లు మండించింది. గేటు పడేదాకా అందులో, నరసింగరావుకి కబుర్లు తెచ్చే నీలవేణి కూర్చుని ఉందని టీ దుకాణం వాళ్లు చెప్పారు. గేటు పడగానే దిగి, తల మీద పచ్చ స్కార్ఫు సర్దుకుంటూ నడిచి వెళ్లిపోయిందట. దిగింది, వీడు చచ్చాడు. లెక్క తేలడానికి ఇంకేం కావాలి?

జగన్నాధం సెంట్రల్ సీక్రెట్ బ్రాంచిలో ఏజెంటు. కోడ్ పేరు గరుడ. నరసింగరావు అతని జోడీ. ఆ మిడ్జెట్ ఇద్దరిదీ. స్వదేశం వెళ్లిపోతున్న ఒక జూట్ మిల్లు దొర పెరట్లో, కోళ్లు గుడ్లు పెట్టుకుంటున్న స్థితిలో దొరికింది. సెలవు దొరికినప్పుడల్లా నట్టు నట్టూ విప్పి, కడిగి, మళ్లీ బిగించారు. సీటు ఎంత కిందికంటే, చెయ్యి చాపితే రోడ్డు తగులుతుంది. ఎడ్లబండి ఎదురొస్తే దాని చక్రం ఇరుసు కళ్లకు సూటిగా ఉంటుంది. రోడ్డు మీద రాయి ఉంటే ముందు నడుముకు తెలుస్తుంది, తర్వాత కంటికి. రాజాం సంతలో ఒక ముసలాయన వంగి చూసి, “ఏటి బాబూ, కూకుని ఎల్తన్నావా, తొంగుని ఎల్తన్నావా?” అని అడిగితే నరసింగరావు నవ్వీ నవ్వీ గేరు మార్చడం మరిచిపోయాడు.

చలి పొద్దుల్లో చోక్ లాగనిదే అది ఓ పట్టాన స్టార్టయ్యేది కాదు. ఒకడు సీట్లో కూర్చోగానే రెండోవాడు అడిగేవాడు, “చోక్ లాగావా?” అని. “నిన్ననే లాగి పడుకున్నాను” అనాలి మొదటివాడు. అది డిపార్ట్‌మెంటుకి తెలియని కోడ్. ఇద్దరు వెధవల వేళాకోళం. ఇక ఆ మాట అడిగేవాడు లేడు.

చీఫ్ కల్నల్ నారాయణమూర్తి ట్రావెలర్స్ బంగళాలో బ్రీఫింగ్ పెట్టాడు.

“కూర్చో గరుడా.”

“నిలబడతాను సార్.”

చీఫ్ పట్టించుకోలేదు. చెప్పవలసింది చెప్పాడు. మద్రాసు నుంచి కలకత్తా దాకా స్పోర్ట్స్ కార్ల ర్యాలీ జరుగుతోంది. అందులో రోలాండ్ క్రేన్ అని ఒక కలకత్తా టీ వ్యాపారి ఉన్నాడు. పైకి కార్ల పిచ్చివాడు, లోపల ఒక విదేశీ గూఢచారి ముఠాకి నాయకుడు. విశాఖ రేవులో మన సబ్‌మెరైన్ల స్థావరం ప్లాన్లన్నీ చిటికెన వేలంత మైక్రోఫిల్ములోకి ఎక్కించాడు. అది ఈ తీరంలో ఎక్కడో ఒక మోటారు బోటుకి చేరాలి. చేరిందా, రేపు యుద్ధం వస్తే మన సబ్‌మెరైన్లు రేవు దాటకుండానే మునుగుతాయి. రెండు ఊళ్లలో మనవాళ్లు అతని కారూ సామానూ దొంగచాటుగా సోదా చేశారు, ఫిల్ము దొరకలేదు. అది లేకుండా విదేశీయుణ్ణి పట్టుకుంటే మనకే తలవంపులు.

“నరసింగరావు స్థానంలో, అదే కారులో, నువ్వు ర్యాలీకి వెళ్తావు. ఫిల్ము బోటు ఎక్కకూడదు.”

“ఆ నీలవేణి?”

“క్రేన్ కారులో దారి చూపే నావిగేటరు. మనకీ కబుర్లు చేరవేస్తుంది, వాళ్లకీ చేరవేస్తుంది. ఆమె సంగతి నాకు వదిలెయ్. నీ కోపం కూడా ఇక్కడే వదిలి వెళ్లు.”

“అదీ వదిలేస్తే నా దగ్గర ఇంకేం మిగలదు సార్,” అని జగన్నాధం బయటికి వచ్చేశాడు. శవానికి పూలదండ పడకముందే డ్యూటీ చార్టులో పేరు మార్చగలిగిన మనిషితో ఇంకా మాటలేమిటి?

టెక్నికల్ వింగ్ వాళ్లు మిడ్జెట్ తలుపుల్లో ఉక్కు రేకులు, డిక్కీలో పొగ యంత్రం పెడతామన్నారు. జగన్నాధం వాళ్లమీద విరుచుకుపడ్డాడు. ఈ కారుకి బలమంతా తేలికలోనే ఉంది, దాని మెడకి రోలు కట్టి పరిగెత్తమంటే ఎలా? చివరికి స్పీడోమీటరు వెనక ఒక వైర్‌లెస్ సెట్టు మాత్రం పెట్టనిచ్చాడు. సీటుకి అంటిన నెత్తురు తనే కడిగాడు. ఇంకొకరిని చెయ్యి వెయ్యనివ్వలేదు.

పొద్దున విజయనగరం స్టార్టింగ్ పాయింటులో అతను పెట్టుడు మీసంతో, నల్ల కళ్లజోడుతో, ఏదో దివాణం వారి ఇల్లరికపు అల్లుడి వేషంలో దిగాడు. క్రేన్ తన వెండిరంగు కారు చుట్టూ జనాన్ని పోగేసుకుని ఉన్నాడు. లండన్ అవతల ఒక షెడ్డులో చేత్తో కట్టించుకున్న బండి అది. ఒళ్లంతా ఫైబర్‌గ్లాసు. పొట్ట నేలకి జానెడు ఎత్తులో కూడా లేదు. కలకత్తాలో ఉండి ఉండి తెలుగు కూడా పట్టుబడింది దొరకి.

“బరువే డ్రైవరుకి శత్రువు మిస్టర్,” అన్నాడు, గేరు లివరు మీది నున్నటి వాల్‌నట్ చెక్క గుండుని అరచేత్తో నిమురుతూ. “నా కారుని ఇద్దరు కూలీలు ఎత్తేస్తారు. దీన్ని ఈ దేశంలో ఏదీ అందుకోలేదు.”

పక్కసీట్లో నీలవేణి మ్యాపు విప్పుకుని కూర్చుంది. అదే పచ్చ స్కార్ఫు. జగన్నాధం వంక చూసింది, మిడ్జెట్ సీటు వంక చూసింది, మళ్లీ మ్యాపులోకి తల దించుకుంది. ఆమె గొంతు పట్టుకోవాలని అతని చేతులు పీకాయి. క్రేన్ ఆ చూపు గమనించి మీసం చాటున నవ్వుకున్నాడు.

ర్యాలీ కదిలింది. నాగావళి వంతెన దాటి శ్రీకాకుళంలో భోజనాలకి ఆగింది. జగన్నాధం అన్నం ముట్టలేదు. కారులోనే కూర్చుని కాపు కాస్తుంటే స్పీడోమీటరు గరగరమంది.

“గరుడా. కళింగపట్నం దగ్గర జెండా లేని మోటారు బోటు.”

తలెత్తేసరికి వెండి కారు సందు మలుపు తిరిగింది. మద్రాసు నుంచి వచ్చే పెద్ద రోడ్డు కాదు అది. ఊళ్ల మీదుగా సముద్రానికి పోయే చిన్న రోడ్డు. పోలీసులు పెద్ద రోడ్డు మీద ఉన్నారని నీలవేణే చెప్పి తిప్పించి ఉంటుంది. జగన్నాధం పళ్లు కొరుకుతూ క్లచ్ వదిలాడు.

మిడ్జెట్ ప్రాణం పెట్టి పరిగెత్తింది. మలుపుల్లో వెనక చక్రాలు పక్కకి జారితే, స్టీరింగ్‌ని ఇంత తిప్పితే చాలు, చెప్పిన మాట వినే పిల్లలా దారికొచ్చేది. మలుపుల్లో దూరం తగ్గుతోంది. తిన్నటి రోడ్డు మీద మాత్రం వెండి కారు మళ్లీ చుక్కైపోతోంది. సముద్రపు గాలి మొహానికి కొట్టింది. దూరంగా లైట్‌హౌసు కనపడింది. ఇంకో రెండు ఊళ్లు దాటితే ఇసుకే. నరసింగరావు చావు దండగైపోతుందేమోనని అతనికి ఏడుపొచ్చింది, ఆ ఏడుపు మళ్లీ కోపమైంది.

ఊరి మలుపు తిరిగేసరికి అతని కాలు దానంతటదే బ్రేకు తొక్కింది.

రోడ్డు నిండా ఉలవలు. మాఘమాసం కదా. చేలల్లో పీకిన ఉలవ మొక్కల్ని ఆ చివర నుంచి ఈ చివరకి మోకాలెత్తున పరిచి, ఆడవాళ్లు గట్టు మీద కూర్చున్నారు. వచ్చే బస్సులూ లారీలే తొక్కాలి, గింజ రాలాలి. కూలి అడగని నూర్పిడి. రాజాం పక్క పల్లెలో పుట్టిన జగన్నాధానికి ఇది వేరే చెప్పాలా? ఎత్తు బండ్లు దాని మీదుగా పోతాయి. పొట్ట కిందికున్న కారు మాత్రం ఆగి, ఆ కంప తీయించుకునే పోవాలి. ఎండుకంప తిరిగే షాఫ్టుకి చుట్టుకుంటుంది, కాలే సైలెన్సరుకి కరుచుకుంటుంది, ఇక అగ్గిపెట్టె అక్కర్లేదు.

క్రేన్ మ్యాపులో రోడ్డు ఉంది. దాని మీద ఉలవలు లేవు.

వెండి కారు వేగం తగ్గించకుండానే కంపలోకి దూసుకుపోయింది. మొదట దుమ్ము లేచింది, తర్వాత పొగ. రోడ్డు సగంలో ఇంజను మూలిగి ఆగింది. కింద నుంచి ఎర్రగా మంట నాలుక చాపింది. ఆడవాళ్లు కేకలేస్తూ లేచి, మిగిలిన కంపని కర్రలతో దూరంగా లాగేస్తున్నారు. జగన్నాధం మిడ్జెట్‌ని వదిలి రోడ్డంట పరిగెత్తాడు.

నీలవేణి బయటికి దూకింది. క్రేన్ దూకలేదు. ఒంటికి సెగ తగులుతున్నా వంగి, ఆ వాల్‌నట్ గుండుని గబగబా విప్పుతున్నాడు. అది చేతికి రాగానే నీలవేణి వైపు విసిరి, “బోటుకి పరిగెత్తు,” అని అరిచి, బయటికి దూకి, పిస్తోలు తీసి జగన్నాధం మీదికి పేల్చాడు. తూటా చెవి పక్కనుంచి పోయింది. రెండోది పేలలేదు. వెనకనుంచి దేముడమ్మ, ఆ ఉలవల ఆసామి, కంప లాగే కర్రతో క్రేన్ మణికట్టు మీద ఒక్కటి వేసింది. పిస్తోలు పొలంలో పడింది. గూఢచారో గవర్నరో ఆమెకనవసరం. పంట తగలెట్టినవాడు దొరికాడు, అంతే.

“ఏటనుకున్నావురా మా రెక్కల కష్టమంటే? కళ్లు కనపడవా?” అంటూ రెండోది వేసింది. మిగతా ఆడవాళ్లు అతన్ని చుట్టేశారు.

నీలవేణి సరుగుడు తోట వైపు పోతోంది. తోట వెనక ఇసుక, ఇసుక అవతల నీళ్లలో బోటు. పొగ చూసి, ఇద్దరు మనుషులు చిన్న పడవ దింపుతున్నారు. జగన్నాధం రివాల్వరు రెండు చేతులతో ఎత్తాడు. పచ్చ స్కార్ఫు గురిలోకి వచ్చింది. రైలు గేటు, తిరుగుతున్న ఇంజను, కడిగిన సీటు కళ్లముందుకొచ్చాయి. ఇన్నాళ్లలో ఎవరినీ ఇంత ఇష్టంగా చంపాలనుకోలేదు. వేలు ట్రిగ్గరు మీద బిగిసింది.

ఆమె ఆగింది. వెనక్కి తిరగకుండానే అడిగింది.

“చోక్ లాగావా?”

వేలు అక్కడే నిలిచిపోయింది. ఆ మాట తెలిసినవాళ్లు లోకంలో ఇద్దరే. అందులో ఒకడు లేడు.

ఆమె తిరిగి వచ్చి, వాల్‌నట్ గుండు అతని చేతిలో పెట్టింది. విప్పి చూస్తే, లోపల చుట్టిన ఫిల్ము చల్లగా ఉంది. నీళ్ల మీద మనుషులు కాసేపు చూసి, పడవ పైకి లాక్కున్నారు. బోటు మొహం తిప్పుకుంది.

“గేటు దగ్గర తుపాకీవాణ్ణి ఆయనే ముందు చూశాడు,” అంది నీలవేణి. “ఇద్దరం పోతే ఈ పని చేసేవాళ్లుండరు, నువ్వు దిగి పో అన్నాడు. నేను దిగనన్నాను. తలుపు తీసి తోసేశాడు. నిన్ను నమ్మనివాడు ఒకడొస్తాడు, వాడికి ఈ మాట చెప్పు అన్నాడు.”

జగన్నాధం రివాల్వరు ఒరలో పెట్టాడు.

“ఫిల్ము ఎక్కడుందో క్రేన్ నాకూ చెప్పలేదు. ఒంటికి మంట తగిలితే వాడే తీస్తాడనుకున్నాను. మాది నరసన్నపేట. ఉలవలు రోడ్డు మీద ఎప్పుడేస్తారో నాకు తెల్దా ఏటి?” అంది.

అతను మిడ్జెట్ దగ్గరకి పోయి వైర్‌లెస్ నొక్కాడు. ఫిల్ము దొరికిందని చెప్పాడు. తర్వాత అడిగాడు, “ఆమె మన మనిషని ఒక్క ముక్క చెప్తే మీ సొమ్మేం పోయేది సార్? కాల్చేసేవాణ్ణి.”

“నీకు తెలిస్తే నీ మొహంలో ఆ కోపం ఉండేది కాదు,” అంది చీఫ్ గొంతు. “ఆ కోపం చూసే క్రేన్ ఆమెని నమ్మాడు. గుడ్ వర్క్ గరుడా.”

జగన్నాధం స్పీడోమీటరు వెనక వైరు పట్టుకుని పీకేశాడు. బతికినవాడి కోపాన్నీ, చచ్చినవాడి స్నేహాన్నీ కూడా ఫైల్లో పెట్టి వాడుకునే మనిషి మెచ్చుకోలు అతనికి అక్కర్లేదు. ఆ మంట ఆరేది కాదు. ఆరనివ్వదలుచుకోలేదు కూడా.

క్రేన్‌ని ఎడ్ల పలుపులతో కట్టి గట్టు మీద కూర్చోబెట్టారు. వెండి కారు ఉన్నచోట ఇనప చట్రం, నాలుగు చక్రాల మసి మిగిలాయి. దేముడమ్మ మిగిలిన కంపని మళ్లీ రోడ్డు మీదికి ఈడ్చి పరుస్తూ, మిడ్జెట్‌ని ఎగాదిగా చూసింది. కాలితో చక్రాన్ని ఒకసారి తట్టింది.

“దీనికి బరువేటీ లేదు బాబూ. పొద్దల్లా తిరిగినా దీని కింద గింజ రాలదు. పక్కకి తియ్యి, లారీ వస్తన్నాది.”

నీలవేణి ఒకవైపు, జగన్నాధం ఒకవైపు పట్టుకున్నారు. దేశాన్ని కాపాడిన కారు గట్టు దిగి, ఉలవలు తొక్కే లారీకి దారిచ్చింది.