ఎవరికీ కనబడని దీపం

మందమర్రిలో రెండో షిఫ్టు దిగేసరికి రాత్రి పదకొండు దాటేది. దశరథం ఒళ్ళు కడుక్కుని, సద్దిగిన్నె హ్యాండిల్‌కు తగిలించుకుని, నాలుగు మైళ్ళ అవతలి తన ఊరికి సైకిల్ తొక్కేవాడు. బొగ్గుబాయిలో ఎనిమిది గంటలు టబ్బులు నెట్టిన కాళ్ళవి. డైనమో టైరుకు ఆనిస్తే దీపం వెలిగేది గానీ పెడలు బరువెక్కేది. అందుకని దాన్ని వెనక్కి లాగి పెట్టి చీకట్లోనే వెళ్ళేవాడు.

"దీపం పెట్టుకోని రారాదు? ఎదురొచ్చేటోనికి నువ్వు కనబడద్దా?" అని భార్య సమ్మవ్వ రోజూ పోరేది.

"నాకు తొవ్వ కనబడుతది. గంతె చాలు" అనేవాడు.

పంతొమ్మిది వందల అరవై రెండులో, భాద్రపద అమావాస్య. అప్పుడే వాన వెలిసింది. తడిసిన టేకాకుల వాసన, దూరంగా కాలుతున్న బొగ్గు కుప్పల వాసన, ఎడతెగని కప్పల అరుపు. వాలు రాగానే దశరథం కాళ్ళు ఆపి సైకిల్‌ను దాని మానాన వదిలేశాడు.

ముందు చక్రం మెత్తగా దేన్నో గుద్దింది. సైకిల్‌తో సహా కింద పడ్డాడు.

లేచి చూసుకుంటే మోచెయ్యి గీరుకుపోయింది, అంతే. రోడ్డు నడుమ ఎవరో మూలుగుతున్నారు.

"కాలిరిగింది బిడ్డా... ఎవలవో ఏమో... జర పక్కకు గుంజు..."

ముసలి ఆడగొంతు. దశరథం నోరు విప్పలేదు. విప్పితే రేపు తన గొంతును గుర్తుపడుతుంది. దీపం లేని సైకిల్... పోలీసులు... ఉన్న పని ఊడిపోవడం... అన్నీ ఒక్కసారే తలలో తిరిగాయి. అంతలో దూరంగా లారీ మోత వినిపించింది.

"లారీ వస్తుంది బిడ్డా... గుంజకపోతె మానె, అగ్గిపుల్లన్న గీసి పట్టు... నేను కనబడాలె గదా..."

అగ్గిపెట్టె జేబులోనే ఉంది. దశరథం సైకిల్ లేపుకున్నాడు. ఆమె చెయ్యి అతని మడమను పట్టుకుంది. రెండో కాలితో ఆ చేతిని తొక్కి విడిపించుకున్నాడు. వంద గజాలు పోయి, ఎదురొచ్చిన లారీ దాటేదాకా పొదల్లో నక్కాడు. వెనకాల లారీ వేగం తగ్గలేదు. ఒక్క కుదుపు చప్పుడు. తర్వాత మళ్ళీ కప్పలు.

మర్నాడు బాయి దగ్గర తోటి పనివాడు గట్టయ్య చెప్పాడు. "పక్కూరి కిష్టవ్వనట. బిడ్డ కాన్పయితే సూసి వస్తుండెనట. పాపం, లారీ డ్రైవర్‌ను పోలీసోళ్ళు తోల్కపోయిండ్రు."

"అయ్యో" అన్నాడు దశరథం. అని, సద్ది మొత్తం తిన్నాడు.

ఆ రాత్రి మాత్రం డైనమో ఆనించాడు. దీపం ఎన్నడూ లేనంత తెల్లగా వెలిగింది. సగం దూరంలో ఎదురుగా ఎడ్లబండి వచ్చింది. అతను దగ్గరికి రాగానే ఎడ్లు బెదిరి పక్కకు దూకాయి.

"దీపం లేకుంట గట్ల మీదికొస్తవేందిర?" బండివాడు అరిచాడు.

"నీకు కండ్లు లేవా? దీపం గింత పెద్దగ మండుతుంటె!"

"ఏది?"

వెలుతురు సూటిగా బండివాడి ముఖం మీదే పడుతోంది. వాడు కళ్ళు చికిలించను కూడా లేదు. చీకట్లో దేన్నో వెతుకుతున్నట్టు అటూ ఇటూ చూస్తున్నాడు. అప్పుడు దశరథానికి ఇంకొకటి తట్టింది. సైకిల్ ఆగి ఉంది. చక్రం తిరగడం లేదు. దీపం మాత్రం ఆరలేదు.

తర్వాత రెండు రాత్రులు బాయి దగ్గరే పడుకున్నాడు. మూడో రోజు ఊరి నుంచి కబురొచ్చింది. నాలుగేళ్ళ కూతురు పోశవ్వకు జ్వరం, పలవరిస్తోందని. ఇక తప్పలేదు.

మైలు దాటాక పెడలు బరువెక్కింది. డైనమో బరువు కాదు. వెనక క్యారియర్ కిర్రుమంది. తడి చీర వాసన... బొగ్గు పొడి వాసన... వెనక్కి తిరగలేదు. తిరిగే ధైర్యం లేదు.

"నేను ఎవలకు కనబడలే బిడ్డా" చెవి పక్కనే గుసగుస. "నువ్వు సుత కనబడవు."

ఎదురుగా లారీ. గంట కొట్టాడు. అరిచాడు. దిగబోయాడు... రెండు చేతులు నడుం చుట్టూ బిగిశాయి. చల్లటి చేతులు. లారీ నేరుగా మీదికి వస్తూనే ఉంది...

తెలివి వచ్చేసరికి రోడ్డు నడుమ పడి ఉన్నాడు. నడుం కింద ఏమీ తెలియడం లేదు. పక్కనే సైకిల్ పడి ఉంది, దీపం వెలుగుతూనే ఉంది. ఊరి వైపు నుంచి కందిలి పట్టుకుని ఎవరో వస్తున్నారు. ఆ నడక తెలుసు. సమ్మవ్వ!

"సమ్మవ్వా... గీడున్న... గుంజు నన్ను..."

ఆమె కందిలి ఎత్తింది. వెలుతురు అతని ముఖం మీద పడి, ఆగకుండా అవతలికి జరిగింది. ఆమె పాదం అతని వేళ్ళ మీద మోపి ముందుకు పోయింది.

"ఏడున్నవయ్యా?" చీకట్లోకి అరిచింది.

"గీడున్ననే" అని పొదల పక్క నుంచి జవాబొచ్చింది. అది దశరథం గొంతే.

దశరథం నోరు తెరిచాడు. గాలి తప్ప ఏమీ రాలేదు.

"గింత ఆలిస్యమా? పిల్ల ఒళ్ళు కాలిపోతుంది" సమ్మవ్వ ఏడుపు గొంతుతో అంది.

"ఒక్కతే ఉన్నదా?"

"ఒక్కతే. బాపు వస్తడు, దర్వాజ తీసిపెట్టు అన్నది."

నేల మీది సైకిల్ లేచి నిలబడింది. కందిలి వెంటే ఊరి వైపు కదిలింది.

"మంచిగైంది" అంది ఆ గొంతు. "జర జల్ది నడువు."