లింగప్ప చేసుకున్న సన్నాయి

పొద్దున్నే కాఫీ గ్లాసు పక్కకు నెట్టేసి, లింగప్ప ఎడమ చేత్తో మళ్లీ తన కీబోర్డు స్విచ్ నొక్కాడు. కుడి చెయ్యి ఎవరో మర్చిపోయిన తువ్వాలులా ఒళ్లో పడి ఉంది. స్విచ్ టిక్కుమంది. పెట్టె మాత్రం కిక్కురుమనలేదు.

హిందూపురం నుంచి ధర్మవరం దాకా లింగప్ప కీబోర్డు మోగని పెళ్లిపందిరి లేదు. అదొక పాత జపాన్ డిజిటల్ సింథసైజర్. ఆ పేరు భార్య హనుమక్క నోట్లో పడి 'సింత సైజు' అయింది. ఇప్పుడు ఆ ఇంట్లో చింత సైజు నిజంగానే పెద్దది. వేసవిలో పక్షవాతం వచ్చి లింగప్ప కుడి పక్కనూ మాటనూ పట్టుకుపోయింది. మోగే మనిషి మూగవాడయ్యాడు. అయినా రోజూ పొద్దున్నే ఎడమ చేత్తో కాసేపు వాయించి, అప్పుడే ఇంత తినేవాడు. దసరా వెళ్లిన మర్నాటి నుంచి పెట్టె లేవడం మానేసింది. లింగప్ప తినడం మానేశాడు. గంజి నోట్లో పోస్తే గడ్డం మీదికి వదిలేస్తున్నాడు.

ఆదివారం కదా అని కూతురు సంగీత స్క్రూడ్రైవర్ పట్టుకుని కూర్చుంది. పేరుకు సంగీత, పనికి సోల్డరింగ్. తూముకుంట దగ్గర ఒక కంపెనీలో సర్క్యూట్ బోర్డులకు అతుకులు వేస్తుంది. "రాగాలు నాయనకు, సీసం నాకు" అని తన మీద తనే జోకు వేసుకునే పిల్ల, ఆ రోజు మూత తీశాక నవ్వలేదు. లోపల కరెంటు వచ్చే చోట పసుపుగా, ఎర్రగా ఏదో అట్టకట్టి ఉంది. గోటితో గీకి వాసన చూసింది.

"అమ్మా! దీని మీద ఏం పోసినావు?"

హనుమక్క వంటింట్లోంచి వచ్చింది. "ఏం పోస్తానే? ఆయుధపూజ నాడు పసుపునీళ్లు చల్లి కుంకుమ పెట్టినా. ఏటేటా చేసేదే కదా."

"ఏటేటా నాయన చేసేవాడు. పైన ఒక బొట్టు, అంతే. నువ్వు చెంబెడు గుమ్మరించినట్టుండాది!"

"ఈసారి ఎక్కువే చల్లినాలే." హనుమక్క గొంతు సన్నబడింది. "మీ నాయన చెయ్యి తిరిగి రావాలని."

"మొక్కి మొక్కి దాని నోరు నొక్కినావు కదమ్మా! నాయనకు మిగిలింది అదొక్కటే, దాన్నీ చంపేస్తివి!"

హనుమక్క వాకిలి పక్కన గోడకు ఆనుకుని కూలబడింది.

సంగీత పాత టూత్‌బ్రష్‌తో, స్పిరిట్‌తో ఆ అట్టంతా కడిగింది. ఫ్యూజు మార్చి కరెంటు ఇచ్చింది. చిన్న తెర వెలిగింది. లింగప్ప కళ్లూ వెలిగాయి. కానీ తెర మీద అక్షరాలు లేవు, అన్నీ నల్ల గళ్లే. కీ నొక్కితే శబ్దం లేదు. లోపల బోర్డు మీద రూపాయి బిళ్లంత బ్యాటరీ ఉబ్బి, పచ్చగా కారుతోంది.

"ఏమైందే?" అన్నాడు పెనుకొండ నుంచి అప్పుడే బస్సు దిగి వచ్చిన అన్న కిషోర్.

"బ్యాటరీ కొసప్రాణంతో ఉండాది. దాని మీద నిలిచే లోపలి జ్ఞాపకం చెడిపోయింది. లేస్తూనే ఆడ తట్టుకుని నిలబడిపోతాండాది. కొత్త బ్యాటరీ వేసి, అంతా చెరిపేస్తే లేస్తాది."

"అంతా అంటే? నాయన సన్నాయి కూడానా?"

సన్నాయి మేళం పెట్టుకోలేని పెళ్లిళ్ల కోసం లింగప్ప ఆ పెట్టెలో తనే తయారుచేసుకున్న శబ్దం అది. వాయించే మనిషి ఊపిరి పీల్చుకునే చప్పుడు కూడా అందులో వినిపించేది.

"కొంచమైనా మిగిలుంటే కాపీ తీసుకో," అన్నాడు కిషోర్.

"తీసుకోవాలంటే లేవాల. లేవాలంటే చెరపాల."

"అయితే వద్దు. మూత పెట్టెయ్. నాయన గొంతు ఎట్లాగూ పాయె. ఉన్న ఒక్క గొంతునూ పిసికేస్తావా?"

"గొంతును పెట్టెలో దాచి, మనిషిని పస్తు పెడదామా?"

పక్షవాతం ఒక పక్షమే పట్టింది. పిల్లలు చెరో పక్షం పట్టారు.

"నీకు తెలీదే. ఎప్పుడైనా ఒక మంచి మెకానిక్ దొరికితే..."

"ఎప్పుడన్నా? నాయన పోయినాకనా?" సంగీత లేచి నిలబడింది. "ఆయన ఈడ కూర్చోనుంటే, పోయినాక వినుకునేదానికి దాచిపెడతాండావు నువ్వు!"

లింగప్ప అన్నీ వింటున్నాడని ఇద్దరికీ అప్పుడు గుర్తొచ్చింది.

లింగప్ప ఎడమ చెయ్యి చాచి, ఉబ్బిన బ్యాటరీ మీద వేలు పెట్టాడు. తర్వాత ఆ వేలితోనే సోల్డరింగ్ కడ్డీని కూతురి వైపు జరిపాడు.

సంగీత బ్యాటరీ మార్చింది. "ఈ రెండు బటన్లూ అదిమిపట్టి కరెంటు వేస్తే చాలు, అంతా పోతాది" అని చెప్పింది గానీ చెయ్యి ముందుకు రాలేదు. లింగప్పే ముందుకు వంగాడు. ఎడమ చేతి బొటనవేలూ చిటికెనవేలూ చాపి ఆ రెండింటినీ అదిమిపట్టాడు. గోడ స్విచ్ హనుమక్క తల పక్కనే ఉంది. ఆమె వైపు చూశాడు.

"నేను వద్దయ్యా," అంది హనుమక్క. "నేను తాకింది చాలు."

లింగప్ప చూపు తిప్పలేదు. వేళ్లూ తియ్యలేదు.

సంగీత వెళ్లి తల్లి పక్కన కూర్చుంది. "నోరు జారినానమ్మా. నువ్వే వెయ్యి. నాయన నిన్నే అడుగుతాండాడు."

హనుమక్క కొంగుతో చెయ్యి శుభ్రంగా తుడుచుకుని, స్విచ్ వేసింది.

తెర మీద అక్షరాలు వచ్చాయి. కిషోర్ ఒక కీ నొక్కాడు. సన్నాయి ఉండే చోట ఎవరిదో, ఏ ఊరిదో, చప్పటి కూత. ఊపిరి లేదు. కిషోర్ గోడ వైపు తిరిగిపోయాడు. లింగప్ప చెంపల మీద నీళ్లు ధారగా కారుతున్నాయి. చెయ్యి మాత్రం ఆగలేదు. శబ్దాన్ని మలిచే ఒక మీటను పైకి జరిపి విన్నాడు. కిందికి జరిపి విన్నాడు. మేక దగ్గినట్టు పలికింది. ఎవరూ నవ్వలేదు. హనుమక్క గంజి గ్లాసు పెదాలకు అందిస్తే, మీట మీద నుంచి చూపు తిప్పకుండానే ఒక గుక్క మింగాడు.

మళ్లీ జరిపాడు.

"కాదు నాయనా," అన్నాడు గోడ వైపు నుంచి కిషోర్, బొంగురుగా. "ఇంకా మెత్తగా ఉండేది."

లింగప్ప మీటను కొంచెం దించాడు.

"ఇంకొంచెం," అంటూ కిషోర్ వచ్చి పక్కన కూర్చున్నాడు.